నెలలు నిండని శిశువు గుండె లయ

గుండె గడియారపు లోలకంవలె ఒకే లయలో కొట్టుకోవడం ఆరోగ్యానికి గుర్తని చాలామంది అనుకొంటారు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న గుండె అలా కొట్టుకోదు. నెలలు నిండకుండా పుట్టిన పసికందుకు రాబోయే అపాయాన్ని ముందుగా కనిపెట్టే పద్ధతి ఒకటి ఈ చిన్న సంగతి మీదనే ఆధారపడి ఉన్నది.

వ్యాధులను ఎదిరించే ప్రతిరక్షకాలు తల్లినుండి బిడ్డకు ఎక్కువగా గర్భంలోని చివరి మూడు నెలలలోనే అందుతవి. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డకు ఆ రక్షణ కొరవడుతుంది. చర్మం పలుచన, ఆహారానికి, ఊపిరికి గొట్టాలు అమర్చవలసి రావచ్చును. కాబట్టి సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించి సెప్సిస్ అనే ప్రమాదకర స్థితిని కలిగించడం సులభం. పాలు ఇమడకపోవడం, ఊపిరి ఆగి ఆగి రావడం, సోలిపోవడం వంటి చిహ్నాలు పైకి కనబడేసరికి తరచు వ్యాధి ముదిరి ఉంటుంది.

శిశువు గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకొంటున్నదనుకొందాం. సెకనును వేయి భాగాలు చేస్తే, రెండు స్పందనల మధ్య సగటు వ్యవధి 400 భాగాలు. ఆరోగ్యవంతుడైన బిడ్డలో ఇది ఒకసారి 390, ఒకసారి 412, మరొకసారి 398 — ఇలా మారుతూ ఉంటుంది. గుండెను త్వరపెట్టే నాడులు ఒకవైపు, నెమ్మదింపజేసే వేగస్ నాడి మరొకవైపు. వీటి లాగులాటే ఈ మార్పులకు ముఖ్యకారణం. సెప్సిస్ మొదలయ్యేటప్పుడు ఈ హెచ్చుతగ్గులు అణగిపోతవి. మధ్య మధ్య గుండె హఠాత్తుగా మందగించి మరల కోలుకొంటుంది. సగటు మాత్రం ఇంచుమించు 150 గానే ఉండవచ్చును! మంచం ప్రక్కనున్న యంత్రంలో ఆ అంకెను మాత్రమే చూచేవారికి ఏ అనుమానమూ కలుగదు.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్యులు రాండల్ మూర్మన్, పమేలా గ్రిఫిన్, వారి సహచరులు ఈ మార్పులను కొలవడానికి పూనుకొన్నారు. గణితం చదివిన విద్యార్థి “క్రమ విచలనం చాలదా?” అని అడగవచ్చును. చాలదు. హెచ్చుతగ్గులు అణగితే క్రమ విచలనం తగ్గుతుంది. గుండె హఠాత్తుగా మందగిస్తే అదే పెరుగుతుంది. రెండూ కలసినపుడు ఒకదానినొకటి కప్పివేస్తవి. అందుచేత మార్పులు త్వరపడే వైపు ఎక్కువా, మందగించే వైపు ఎక్కువా అనే అసౌష్ఠవాన్ని కూడ లెక్కలోనికి తీసుకొన్నారు. వీటన్నిటినుండి గంటగంటకు ఒక సూచికను యంత్రం గణిస్తుంది. సూచిక 2 అయితే, రాబోయే 24 గంటలలో సెప్సిస్ బయటపడే అవకాశం అటువంటి శిశువుల సగటుకు రెండింతలన్నమాట.

2004–2010 మధ్య అమెరికాలో 9 చోట్ల, పుట్టుక బరువు 1500 గ్రాములకు లోబడిన 3003 మంది శిశువులపై దీనిని పరీక్షించారు. చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టు సూచికను వైద్యులకు కనబడనిచ్చారు; రెండవ జట్టుది కనబడనీయలేదు. చూచి ఏమి చేయవలెనో మాత్రం వైద్యులకే విడిచిపెట్టారు. ఫలితాలు 2011లో వెలువడినవి. సూచిక కనబడని జట్టులో నూటికి 10.2 మంది, కనబడిన జట్టులో 8.1 మంది మరణించారు. అయితే ఆ పరీక్షలో ప్రధానంగా కొలవదలచినది కృత్రిమశ్వాస అవసరం లేకుండా గడచిన రోజుల సంఖ్య. అందులో నమ్మదగినంత తేడా కనబడలేదు. ఈ విషయాన్ని కూడ చెప్పుకోవడం న్యాయం.

సూచిక వ్యాధి పేరు చెప్పదు. శస్త్రచికిత్స జరిగినా, ఊపిరి ఇబ్బంది కలిగినా అది పెరుగవచ్చును. అనుమానించిన ప్రతిసారి పరీక్షకు రక్తం తీయాలి. కిలో బరువున్న బిడ్డ ఒంటిలో ఉన్న రక్తమంతా కలిపినా 100 మిల్లీలీటర్లకు మించదు. అందుచేత అంకె పెరగగానే వైద్యుడు మొదట మందు సీసా దగ్గరకు కాక, బిడ్డ దగ్గరకు పోయి పరిశీలిస్తాడు.