స్క్రాబుల్‌కి ఇంగ్లీష్ ఎంత రావాలి?

హాస్టల్ కామన్ రూమ్‌లో స్క్రాబుల్ బోర్డు తీయగానే సగం మంది "మాకు ఇంగ్లీష్ అంత రాదు, మీరు ఆడుకోండి" అని క్యారమ్స్ వైపు వెళ్లిపోతారు. వాళ్లలో ఎక్కువమంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లే. నాలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్లం మాత్రం ధీమాగా కూర్చుంటాం. నిజానికి ఆ భయానికీ, ఈ ధీమాకీ ఆటలో ఏ ఆధారమూ లేదు.

నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజిలాండ్ ఆటగాడు 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆయనకి ఫ్రెంచ్ మాట్లాడటం రాదు! పదాల జాబితా బట్టీ కొట్టి వెళ్లాడు. 2024లో స్పానిష్‌లో కూడా గెలిచాడు. బోర్డు మనల్ని అర్థం అడగదు, స్పెల్లింగ్ అడుగుతుంది, లెక్క అడుగుతుంది. బట్టీ విషయంలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

కాబట్టి ముందు రెండక్షరాల మాటలు నేర్చుకోండి. వందకు పైగా ఉన్నాయి, రెండు మూడు సాయంత్రాల పని. క్యూ-ఐ, జెడ్-ఏ, జే-ఓ, ఎక్స్-ఐ లాంటివి. ఇవి వస్తే ఉన్న పదానికి ఆనుకుని ఇంకో పదం సమాంతరంగా పెట్టొచ్చు, ఒకే టైల్ రెండు మాటల్లో లెక్కకొస్తుంది. ఎక్స్ విలువ 8. మూడు రెట్ల అక్షరం గడిలో అడ్డంగా, నిలువుగా రెండు మాటలు అయ్యేలా పెడితే ఆ ఒక్క టైల్‌కే 48. పెద్ద పెద్ద పదాలు తెలిసినవాడు తెల్లముఖం వేసేది ఇక్కడే.

అసలు ఆటంతా మాత్రం చేతిలో ఏం మిగిల్చుకున్నామన్న దాంట్లోనే ఉంది. 22 పాయింట్ల పదం పెడితే యూ, యూ, వీ మిగులుతాయి. 18 పాయింట్లది పెడితే ఈ, ఆర్, ఎస్ మిగులుతాయి. నేనైతే కళ్లు మూసుకుని 18 తీసుకుంటా. ఎందుకంటే ఏడు టైల్స్ ఒకేసారి దించితే 50 బోనస్, దానికి దారి వేసేవి ఈ మామూలు అక్షరాలే. మొత్తం 100 టైల్స్‌లో ఈ-లు 12, ఎస్-లు 4, ఖాళీ టైల్స్ 2. ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ న్యూస్‌పేపర్లలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి ఈ సంఖ్యలు వేశాడు. మన ప్రాబబిలిటీ క్లాసులో ఇలాంటి ఉదాహరణ ఒక్కటి చెప్పినా నిద్ర పట్టేది కాదు. ఎస్‌నీ, ఖాళీ టైల్‌నీ చిల్లర పాయింట్లకి ఖర్చు పెట్టకండి.

టైల్స్‌ని అటూ ఇటూ మారుస్తూ ఉండాలి. నాస్టియర్, రిటెయిన్స్, రెటీనాస్, ఈ మూడింటికీ అవే ఏడు అక్షరాలు. అక్షరాలు సార్ట్ చేసి హ్యాష్ మ్యాప్‌లో పెట్టే అనగ్రామ్ ప్రాబ్లం కోడింగ్ టెస్టుల్లో చేస్తాం చూడండి, అచ్చం అదే.

క్యూ వస్తే యూ కోసం కాచుకుని కూర్చోవద్దు. యూ-లు నాలుగే. క్యూ-ఐ ఉంది, మనకి తెలిసిన ఫకీరు కూడా యూ లేకుండా క్యూతోనే చెల్లుతాడు. చివరిదాకా క్యూ మిగిలితే మనకి 10 పోతాయి, ముందు ముగించినవాడికి ఆ 10 కలుస్తాయి. చేతిలో అంతా చెత్తే ఉంటే టైల్స్ మార్చుకోండి. ఒక టర్న్ పోతుంది, పోనివ్వండి. సంచిలో కనీసం 7 టైల్స్ ఉన్నప్పుడే కుదురుతుంది.

బోర్డు ఆట మరీ నిదానం అనిపిస్తే బాగుల్ ఉంది. అందులో అక్షరాల పాచికలు 16, టైమ్ 3 నిమిషాలు. పక్కపక్కన, మూలగా కలిసే పాచికలతో పదాలు రాయాలి. ఇద్దరు ఒకే పదం రాస్తే ఇద్దరికీ కొట్టేస్తారు. అందుకని అందరికీ కనిపించే మూడక్షరాల మాటల మీద ఎక్కువసేపు ఉండొద్దు. మూడక్షరాలకి 1 పాయింటే, ఎనిమిదికి 11. దొరికిన ప్రతి పదాన్నీ వెనక నుంచి కూడా చదవండి, చివర ఎస్ గానీ ఈ-డీ గానీ తగులుతుందేమో చూడండి.

మన మాటలు కూడా చెల్లుతాయని చాలామందికి తెలీదు. దోసా, రోటీ, ఘీ అన్నీ పెట్టొచ్చు. బాండికూట్ అయితే మన పందికొక్కే, తెలుగు నుంచే ఇంగ్లీషులోకి దూరింది. కాకపోతే దానికి తొమ్మిది అక్షరాలు. చేతిలో ఏడే కాబట్టి, బోర్డు మీద కనీసం రెండు సరైన చోట పడి ఉండాలి. నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నా.