బాలింతకు నిద్రపట్టని మూడవ రాత్రి

బస్తరు సీమలో శబరి యొడ్డునున్న కోంటలోను, గోదావరికి చేరువనున్న భోపాలపట్నములోను తెలుగు నేటికిని ఎందరికో ఇంటిమాట. బాలింత ఉన్నట్టుండి పొంతనలేని మాటలాడినచో గాలి సోకినదనియో, సన్ని పట్టినదనియో మన పల్లెలలో అనుకొందురు; బస్తరు గోండు గూడెములలో పూనకము వచ్చి రోగము కుదుర్చు సిర్హాను పిలుతురు. వైద్యులు దీనిని సూతికోన్మాదమందురు. వేయి ప్రసవములలో ఒకటి రెండింట, సాధారణముగా మొదటి రెండు వారములలోనే, ఇది తలసూపును.

మూడవనాటి రాత్రి ఇల్లంతయు నిద్రించుచుండగా, ఆ తల్లి మాత్రము దీపము కడ కూర్చుండి, బిడ్డ పిడికిలిని విప్పి చూచుచు, మరల ముడుచుచు, అలసట యెరుగనిదానివలె తనలో తాను మాటలాడుకొనుచుండును. తెల్లవారుసరికి ఈ బిడ్డ నా బిడ్డ కాదనవచ్చును. మధ్యాహ్నమునకు తేటగా మాటలాడి అందరికిని ఊరట కలిగింపవచ్చును. ఆ ఊరటయే మిక్కిలి ప్రమాదకరము, ఏలయన సాయంకాలమునకు భ్రమ మరల కమ్ముకొనును.

మావి వెలువడిన కొలది దినములలోనే, నెలల తరబడి రక్తమున నిండియున్న ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోనులు ఒక్కుమ్మడి పడిపోవును. ఈ కుదుపును పెక్కుమంది స్త్రీలు తట్టుకొందురు గాని, ఉత్సాహోద్రేకమును గాఢవిషాదమును మార్చి మార్చి తెచ్చు బైపోలార్ వ్యాధి గలవారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు సూతికోన్మాదము పాలగుదురు. ఒకమారు వచ్చినవారికి మరుకాన్పున తిరిగి వచ్చు భయము మరింత హెచ్చు. తొలిచూలు, వంశమున ఇట్టి జబ్బు, వరుసగా నిద్రలేమి దీనికి తోడగును. తల్లిప్రేమలోని కొరత గాని, కోడలి నటన గాని, పూర్వజన్మ పాపము గాని ఇందులో లేశమును లేదు.

బస్తరులో మరియొక చిక్కు కలదు. మెదడుకెక్కిన మలేరియా, పురిటి జ్వరము, గుర్రపువాతము వంటి మూర్ఛలు కూడ ఇట్టి పలవరింతనే కలిగించును. పచ్చివాతము చేయునని బాలింతకు దాహమునకైనను నీరీయని యాచారము మన యిండ్లలో ఇంకను చావలేదు. ఒడలు ఎండినకొలది మెదడు సిరలలో రక్తము గడ్డకట్టు భయము పెరుగును; అదియు ఇట్టి పలవరింతకే దారితీయవచ్చును. ఆ యాచారమును నేను క్షమింపలేను. కావున రక్తపరీక్ష లేక ఇది మనోవ్యాధియే యని తీర్మానించుట తగదు. సిర్హాను పిలువవలదని నేననను. పూజ ముగియువరకు ఆసుపత్రి బండి నిలిచియుండరాదందును.

చికిత్స కలదు, తగిన చికిత్సతో పెక్కుమంది కోలుకొందురు. తల్లిని, బిడ్డను కలిపియే ఉంచి వైద్యము చేయు విభాగమును బెంగుళూరులోని మానసిక వైద్యసంస్థయగు నిమ్హాన్సు 2009లో నెలకొల్పెను. మూడేండ్లలోపు బిడ్డను చికిత్స పొందు తల్లినుండి సాధారణముగా వేరుచేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

2002 నుండి గడపగడపకు నడచుచున్న ఊరి ఆరోగ్య కార్యకర్తలగు మితానినులారా, అత్తలారా, బాలింత రెండు రాత్రులు నిద్రింపక మాట మారినచో, ఆమెను బిడ్డతో ఒంటరిగా విడువక, ఆనాడే జిల్లా ఆసుపత్రికి గాని జగదల్‌పూరు వైద్యకళాశాలకు గాని చేర్పుడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానసు సంఖ్య 14416; రేయింబవళ్లు ఉచితముగా పలుకును.