అక్షర రూప పటములు: సాఫ్ట్‌వేరు వివరణ గ్రంథములలో వాని స్థానము

తూర్పు చాళుక్యుల తామ్రశాసనములందు రాజుల వంశక్రమము చెప్పబడినదే గాని పటముగా గీయబడలేదు. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏండ్లు, అతని కుమారుడు జయసింహవల్లభుడు ఇన్ని ఏండ్లు, జయసింహుని తమ్ముడు ఇంద్రభట్టారకుడు 7 దినములు, ఇంద్రభట్టారకుని కుమారుడు రెండవ విష్ణువర్ధనుడు 9 ఏండ్లు అని వరుసగా వాక్యములు మాత్రమే కలవు. తరువాతి చరిత్రకారులు ఆ వాక్యములను చదివి వంశవృక్షములను గీసికొనిరి. జయసింహుని పాలనము కొన్ని శాసనములలో 30 ఏండ్లనియు, కొన్నింటిలో 33 ఏండ్లనియు ఉన్నది. ఒకరు 30 అని వ్రాసికొని తరువాత 33 అని నిశ్చయించినచో, వాక్యమునందు ఒక అంకె మార్చిన చాలును. గీసి అచ్చువేసిన వృక్షమునందైనచో పటమునే మరల గీయవలయును.

సంబంధమును వాక్యముగా వ్రాసి యుంచుట, పటమును ఆ వాక్యము నుండి కావలసినపుడెల్ల పుట్టించుకొనుట అను ఈ పద్ధతియే నేడు సాఫ్ట్‌వేరు వివరణ గ్రంథములలో వ్యాపించుచున్నది. తెలుగు యువకులు అనేకులు ఈ వృత్తియందే యున్నందున దీని పూర్వాపరములు తెలిసికొనుట అప్రస్తుతము కాదు.

సాఫ్ట్‌వేరును నిర్మించువారు దానితోపాటు వివరణ పత్రములను గూడ వ్రాయుదురు. ఏ భాగము ఏ భాగమును పిలుచును, సమాచారము ఎచ్చట బయలుదేరి ఎచ్చటికి చేరును, నడుమ తప్పు జరిగినచో ఏమగును అను విషయములు పుటల కొలది వాక్యములలో కంటె నాలుగు గదులు, అయిదు బాణములు గల పటమునందు త్వరగా బోధపడును. కాని పటమునకు ఒక దౌర్బల్యము కలదు. దానిని ఒకరు ఏదో చిత్రలేఖన సాధనముతో గీసి, బొమ్మగా మార్చి, పత్రమునందు అతికింతురు. ఆరు నెలలకు ప్రోగ్రాము మారును. గీసినవారు వేరు ఉద్యోగమునకు పోయి యుందురు. మూలచిత్రము ఎవరి కంప్యూటరులో నున్నదో తెలియదు. బొమ్మ మాత్రము అట్లే నిలిచియుండును. పటము లేని పత్రము కంటె తప్పు పటము గల పత్రము ఎక్కువ హాని చేయును. ఏలయన, చదువరి వాక్యమును శంకించును గాని బాణమును శంకింపడు.

ఈ చిక్కునకు మొదట దొరికిన ఉపాయము అక్షరములతోనే బొమ్మ గీయుట. ఇంటర్నెట్టు నిబంధనలను ప్రకటించు ఆర్.ఎఫ్.సి. పత్రములు 1969లో ప్రారంభమైనవి. అవి చిరకాలము కేవలము టైపు అక్షరములలోనే వెలువడినవి. పంక్తికి 72 అక్షరములు మించరాదు. కనుక గీత కావలసినచోట అడ్డగీత గుర్తును, నిలువుగీత గుర్తును, మూలలకు కూడిక గుర్తును పేర్చి గదులు కట్టిరి. వీనిలో ప్రసిద్ధమైనది టి.సి.పి. నిబంధనల పత్రము. అది 793వ ఆర్.ఎఫ్.సి.గా 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వమున వెలువడెను. రెండు కంప్యూటర్ల నడుమ సంబంధము ఏర్పడుట మొదలు తెగిపోవు వరకు గల 11 అవస్థలును, ఒక దానినుండి మరియొక దానికి పోవు మార్గములును అందు ఒక్క పుటలో గీయబడి యున్నవి.

ఆ పటమునందు లోపములు కలవని 1989 అక్టోబరులో వెలువడిన 1122వ ఆర్.ఎఫ్.సి. తెలియజేసెను. ఒక బాణముపై వ్రాసిన మాట సరికాదు. సిన్-రిసీవ్డ్ అను అవస్థ నుండి లిజన్ అవస్థకు ఒక బాణము ఉండవచ్చును. ఫిన్-వెయిట్-1 నుండి టైమ్-వెయిట్‌నకు నేరుగా పోవు మార్గము గూడ కలదు. ఈ దిద్దుబాటులు పటముగా గాక వాక్యములుగానే వచ్చినవి. కావున పాత పత్రమును మాత్రమే చూచినవానికి పాత పటమే ప్రమాణము. తుదకు 2022 ఆగస్టులో 9293వ ఆర్.ఎఫ్.సి. వెలువడి పాత పత్రమును తొలగించెను. చిత్రమేమనగా, అందును ఫిన్-వెయిట్-1 నుండి టైమ్-వెయిట్‌నకు పోవు బాణము గీయబడలేదు. ఈ మార్గము పటమునందు విడువబడినదని క్రింద ఒక గమనిక మాత్రము చేర్చబడెను. కారణమేదైనను, ఆ ఇరుకు పుటలో గుర్తులను ఒక్కొక్కటిగా జరిపి మరియొక బాణమునకు దారి చేయుట ఎంత ప్రయాసమో దానిని చూచినవారికి తెలియును. అక్షరములతో గీసినను గీయుట గీయుటయే.

రెండవ ఉపాయము దీనికి భిన్నము. అందు బొమ్మను గీయరు. బొమ్మలో ఏమేమి యుండవలయునో చెప్పుదురు. బెల్ లాబొరేటరీస్‌లో బ్రయన్ కెర్నిఘన్ 1980ల తొలినాళ్ళలో రచించిన పిక్ అను చిన్నభాష ఇట్టిది. అందు పెట్టె, బాణము, పెట్టె అని మాటలలో వ్రాసినచో అచ్చుయంత్రమునకు గీతలు సిద్ధమగును. తరువాత ఆ సంస్థయందే పుట్టిన గ్రాఫ్‌విజ్ మరియొక మెట్టు ముందునకు సాగెను. దానికి ఏ పెట్టె ఎచ్చట నుండవలయునో గూడ చెప్పనక్కరలేదు. ఎవరికి ఎవరితో సంబంధమో చెప్పిన చాలును. పైన చెప్పిన చాళుక్య వంశమునే దాని డాట్ భాషలో వ్రాసినచో ముఖ్యపంక్తులు ఇట్లుండును:

"కుబ్జవిష్ణువర్ధనుడు" -> "జయసింహవల్లభుడు"
"కుబ్జవిష్ణువర్ధనుడు" -> "ఇంద్రభట్టారకుడు"
"ఇంద్రభట్టారకుడు" -> "రెండవ విష్ణువర్ధనుడు"
"రెండవ విష్ణువర్ధనుడు" -> "మంగి యువరాజు"

యంత్రము మొదట ఈ పేర్లను అంతస్తులుగా విభజించును. తండ్రి పై అంతస్తున, అన్నదమ్ములిద్దరు దాని క్రింద, ఆ క్రింద మనుమడు, చివర మునిమనుమడు: ఇట్లు నాలుగు అంతస్తులు తేలును. పిదప ఒకే అంతస్తునందున్నవారిని ఎడమకు కుడికి మార్చుచు బాణములు ఒకదానినొకటి దాటుట తగ్గునట్లు చేయును. అటుపై స్థానములను నిర్ణయించి, కడపట వంపుగీతలను దిద్దును. ఈ అంతస్తుల పద్ధతిని జపాను పండితులు సుగియామా, తగావా, తోదా 1981లో ప్రకటించిరి; గ్రాఫ్‌విజ్ నిర్మాతలు 1993లో దానిని మెరుగుపరచి వ్రాసిరి. ఖండనములను కనిష్ఠము చేయు సమస్య రెండే అంతస్తులున్నను గణితరీత్యా మిక్కిలి కఠినమైనదని 1983లో గారీ, జాన్సన్ అనువారు నిరూపించిరి. కనుక యంత్రము ఉత్తమమైన పటమునే ఇచ్చునని చెప్పుటకు వీలులేదు. చాలవరకు మంచి పటమునిచ్చును.

2009లో ఆర్నో రోక్ ప్రారంభించిన ప్లాంట్‌యు.ఎమ్.ఎల్., 2014లో క్నూట్ స్వేడ్‌క్విస్ట్ ప్రారంభించిన మెర్మెయిడ్ ఈ మార్గమును సామాన్య ప్రోగ్రామరు వ్రాతబల్ల వరకు తెచ్చినవి. జాన్ గ్రూబర్ 2004లో వెలువరించిన మార్క్‌డౌన్ అను వ్రాతపద్ధతిలో నేడు వివరణ పత్రములు విరివిగా వ్రాయబడుచున్నవి. అట్టి పత్రము నడుమ మూడు వెనుకగుర్తుల హద్దు పెట్టి, మెర్మెయిడ్ అని పేర్కొని, లోపల సంబంధములను వ్రాసినచో, చదువరి బ్రౌజరు ఆ పంక్తులను బొమ్మగా మార్చి చూపును. గిట్‌హబ్ 2022 ఫిబ్రవరిలో ఈ సౌకర్యమును స్వయముగా కల్పించినది మొదలు దీని వాడుక మరింత పెరిగినది.

బొమ్మ అందముగా వచ్చుటలో దీని మేలు లేదు; పటము ప్రోగ్రాముతో కలిసి ఒక్కచోట నివసించుటయందే కలదు. గిట్ వంటి సాధనములు ప్రతి మార్పును పంక్తి పంక్తిగా చూపును. బొమ్మ ఫైలు మారినచో మారినదని మాత్రమే తేలికగా తెలియును గాని, ఏ బాణము పోయినదో తెలియదు. అక్షర రూప పటమున పోయిన పంక్తియు, వచ్చిన పంక్తియు ఎదురెదురుగా కనబడును. ప్రోగ్రామును పరిశీలించు సహోద్యోగి అదే కూర్చుండుటలో పటమును గూడ పరిశీలించి, ఈ బాణము మరచితివని చెప్పగలడు. అట్లని మరపు ఉండదని కాదు. పంక్తి మార్చనివానిని ఏ భాషయు మార్చజాలదు. కాని దిద్దుటకు పట్టు కాలము గంట నుండి నిమిషమునకు దిగినపుడు దిద్దువారి సంఖ్య పెరుగుట సహజము.

తెలుగువారికి ఇందు మరియొక విశేషము కలదు. అక్షరములతో గీసిన పాతపటములు ప్రతి అక్షరమునకు సమానమైన వెడల్పు ఉండునను నమ్మకముపై నిలిచినవి. తెలుగు లిపికి ఆ నియమము లేదు. "స్త్రీ" అను మాట యూనికోడ్ లెక్కలో 6 సంకేతములు. కంటికి ఒక్క అక్షరము. ఆరు గడుల చోటు విడిచినచో సగము ఖాళీగా నుండును. ఒక గడియే విడిచినచో కుడిగోడ ప్రక్కకు తొలగును. కనుక తెలుగు పేర్లతో అట్టి గదులు కట్టుట దాదాపు అసాధ్యము. సంబంధమును చెప్పు పద్ధతిలోనైతే ముందు మాట రూపమును సిద్ధపరచి, కొలిచి, పిదప గది కట్టుదురు. పైన చూపిన చాళుక్యుల పంక్తులను తెలుగులోనే వ్రాయగలుగుట అందువలననే.

ఒక జాగ్రత్త అవసరము. గ్రాఫ్‌విజ్, ప్లాంట్‌యు.ఎమ్.ఎల్. నడచు యంత్రమునందు తెలుగు ఫాంటు లేనిచో పేర్లకు మారుగా ఖాళీ చతురస్రములు వచ్చును. అచ్చట ఒక ఫాంటుతో కొలిచి, చదువరి యొద్ద వేరొక ఫాంటుతో చూపినచో, మాట గది దాటి బయటికి వచ్చును. మెర్మెయిడ్ చదువరి బ్రౌజరులోనే కొలిచి గీయును గనుక ఈ చిక్కు తక్కువ.

హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము వంటి చోట్ల తరతరములుగా స్థిరపడిన కుటుంబములు తమ వంశవృక్షములను ఈ రీతిగా ఉంచుకొనవచ్చును. బిడ్డ పుట్టినచో ఒక పంక్తి చేరును. దూరమునందున్న దాయాదులు తమ శాఖ పంక్తులను తామే చేర్చి పంపగలరు. గోడకు తగిలించిన పటమును విప్పి దిద్ద నక్కరలేదు.

ఈ పద్ధతికి హద్దులును కలవు. పదునైదు, ఇరువది గదులు దాటినచో యంత్రము గీసిన పటము సాలెగూడు వలె నగును. అపుడు దానిని రెండుమూడు పటములుగా విడదీయుటయే మేలు. ఒక్క గది చేర్చినంతనే తక్కిన గదులన్నియు చోటు మారుట గూడ కలదు. పాత పటమునకు అలవాటుపడిన కన్ను తికమకపడును. అచ్చుపుస్తకమునందు, లేక ఈ పంక్తులను ఎరుగని సాధనమునందు, బొమ్మకు బదులు మూలపంక్తులే కనబడును; కావున అచ్చునకు పంపుటకు ముందే వానిని బొమ్మగా మార్చుకొనవలయును. చోటే అర్థమైన పటములు, అనగా ఊరి నక్ష, ఇంటి ప్లాను, యంత్రపు అంగముల అమరిక, దీనికి లొంగవు. అట్టివానిని చేతితోనే గీసి, బొమ్మతోపాటు దానిని గీసిన మూలఫైలును గూడ పత్రము ప్రక్కనే భద్రపరచుట వాడుకలో నున్నది.