రుచికి పేరు పెట్టడం: హవానా సిగారు, లంక చుట్ట – ఒక పదజాల పరిశీలన

వ్యాససంగ్రహం:

క్యూబా సిగారుకూ ఇతర దేశాల సిగారుకూ రుచిలో నిజంగా భేదం ఉందా అన్నది పొగాకు లోకంలో పాత ప్రశ్న. గోదావరి లంకల్లో పండిన ఆకుతో చుట్టిన చుట్టకూ, మెరకనేల ఆకుతో చుట్టిన చుట్టకూ మధ్య కూడా ఇదే ప్రశ్న ఉంది. ఆ భేదానికి కారణాలను వివరించి, దాన్ని చెప్పడానికి తెలుగులో ఉన్న పదాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చుట్ట, లంక పొగాకు, సిగారు, మగ్గడం, ఘాటు, కమ్మదనం, వృత్తిపదకోశం.

1. 'లంక' అనే మాట ప్రయాణం

యూల్, బర్నెల్ కూర్చి 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో 'లంక' ఒక ఆరోపం. మద్రాసు రాజధానిలో జనం మక్కువపడే ఘాటైన చుట్ట అని దానికి అర్థం చెప్పి, గోదావరి డెల్టాలోని దీవుల్లో పండిన పొగాకుతో చేయడంవల్ల ఆ పేరు వచ్చిందని వివరించారు. నాలుగేళ్ల తర్వాత, 1890లో, కానన్ డాయిల్ రాసిన 'ద సైన్ ఆఫ్ ఫోర్' నవలలో ఈ మాట మళ్లీ కనిపిస్తుంది. హంతకుడు తాగింది లంక చుట్ట అని తేలితే వెతకవలసినవారి సంఖ్య తగ్గిపోతుందని షెర్లాక్ హోమ్స్ అంటాడు. తిరుచినాపల్లి చుట్ట బూడిద నల్లనిదన్న సంగతి కూడా అక్కడే వస్తుంది. లండన్ పాఠకుడికి మన గోదావరి ఇసుకతిన్నెలు ఒక ఆనవాలుగా పరిచయమైన సందర్భమిది. (తెలుగు పదం ఆంగ్ల సాహిత్యంలోకి నేరపరిశోధన దారిలో వెళ్లడం ఒక వింత.)

ఇక్కడ గమనించవలసిన భాషావిశేషం ఉంది. 'చెరూట్' అన్న ఆంగ్లపదానికి మూలం తమిళ 'చురుట్టు'. తెలుగు 'చుట్ట' కూడా చుట్టడం అన్న క్రియతో ముడిపడినదే. ఈ రెండూ వస్తువు ఆకారాన్ని చెబుతాయి. 'లంక' అలా కాదు. అది నేలను చెబుతుంది. 'హవానా' కూడా అంతే. నేల పేరు సరుకు పేరుగా మారిందంటే, ఆ నేల రుచి వేరు అన్న నమ్మకం వ్యవహారంలో స్థిరపడిందని అర్థం. ఆ నమ్మకంలో వాస్తవం ఎంత?

2. నేల, విత్తనం, మగ్గు

క్యూబాలో మేలైన ఆకు పశ్చిమాన పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో ప్రాంతంలో పండుతుంది. సిగారులో మూడు భాగాలు ఉంటాయి: లోపల నింపే ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన చుట్టే ఆకు. హవానా సిగారులో ఈ మూడూ క్యూబా ఆకులే. ఇతర దేశాల సిగారులో మూడు ఆకులు మూడు దేశాలవి కావచ్చు. నికరాగ్వా ఆకును లోపల నింపి, అమెరికాలోని కనెక్టికట్ ఆకును పైన చుట్టడం సాధారణం. కాబట్టి పోలిక ఒక నేలకూ మరొక నేలకూ మధ్య మాత్రమే కాదు. ఒకే నేల రుచికీ, కూర్చిన రుచికీ మధ్య కూడా.

1959 విప్లవం తర్వాత, 1960లో క్యూబా సిగారు కర్మాగారాలు జాతీయమయ్యాయి. 1962 ఫిబ్రవరిలో అమెరికా ఆంక్షలు విధించింది. దేశం విడిచిన కుటుంబాలు క్యూబా విత్తనాన్నీ, పనితనాన్నీ డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్, నికరాగ్వాలకు తీసుకుపోయాయి. అందువల్లనే మాంటెక్రిస్టో, రోమియో ఇ హులియెటా వంటి పేర్లతో నేడు రెండేసి రకాల సిగార్లు ఉన్నాయి: ఒకటి క్యూబాది, ఒకటి కానిది. విత్తనం అదే అయినా రుచి మారింది. నికరాగ్వాలోని ఎస్తెలీ అగ్నిపర్వత మట్టిలో పండిన ఆకుకు మిరియపు కారం ఎక్కువ అంటారు. డొమినికన్ ఆకు సాధారణంగా మెత్తన. క్యూబా ఆకును గురించి మట్టి, తోలు, కలప, తేనె అన్న పోలికలు ఎక్కువగా వినిపిస్తాయి.

(సాహిత్య విద్యార్థులు దాటిపోకూడని ముచ్చట ఒకటి. 1865 నుంచి హవానా కర్మాగారాల్లో సిగార్లు చుట్టేవారికి నవలలు, పత్రికలు బిగ్గరగా చదివి వినిపించే చదువరులు ఉండేవారు. డ్యూమా నవల పేరే మాంటెక్రిస్టో అయింది.)

గోదావరి లంకల్లో జరిగేదీ ఇటువంటిదే. వరద తీశాక మిగిలిన ఒండ్రులో నారు నాటుతారు. తలలు తుంచి పిలకలు తీస్తే మొక్క బలమంతా ఆకుకు చేరి, నికోటిన్ పెరిగి ఘాటు హెచ్చుతుంది. కోసిన ఆకును గాలికి నిదానంగా ఆరబెడతారు. ఆ తర్వాత మండె వేస్తారు. తగిన పదునులో ఉన్న ఆకు కుప్పలో వేడెక్కి, అమ్మోనియా బయటికి పోయి, పచ్చి ఘాటు తగ్గి రంగు ముదురుతుంది. క్యూబాలోనూ ఇదే ప్రక్రియ. వర్జీనియా పొగాకు దారి వేరు. బ్యారన్‌లో వేడిగాలికి త్వరగా ఆరడంవల్ల దాని చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. పొగ ఆమ్లగుణం పొందుతుంది. గాలికి ఆరిన చుట్టాకు పొగ క్షారగుణం కలది. అందుకే చుట్ట తాగేవారు పొగను గుండెల్లోకి పీల్చకపోయినా, నికోటిన్ నోటి పొర ద్వారానే ఒంటికెక్కుతుంది. పీల్చకపోతే ప్రమాదం లేదన్న వాదానికి ఇక్కడే చెల్లుచీటీ.

ఈ ప్రక్రియకు మన పాఠ్యగ్రంథాలు వాడే 'పులియబెట్టడం', 'కిణ్వనం' అన్న మాటలు నాకు సమ్మతం కావు. మొదటిది పులుపును సూచిస్తుంది. మండెలో ఆకు పులవదు. రెండవది ప్రయోగశాల దాటి రాదు. పండుకు వాడే 'మగ్గడం' ఇక్కడ అన్నివిధాలా సరిపోతుంది. 'పదును' అన్న మాట కూడా విచారించదగినది. కత్తికి పదును అంటే వాడి. ఆకుకు పదును అంటే విరగకుండా వంగేంత తడి. ఒకే మాట ఒకచోట కోతకూ, మరొకచోట మెత్తదనానికీ చెల్లుతున్నది.

3. ఆరు రుచులు, రెండు వాసనలు

పొగ రుచి అని మనం అనేదానిలో ఎక్కువ భాగం నాలుకది కాదు. నాలుక తీపిని, చేదును గుర్తిస్తుంది. కారం, మంట స్పర్శనాడులకు సంబంధించినవి. తక్కినదంతా గొంతు వెనుకనుంచి ముక్కుకు చేరే వాసనే. మన శాస్త్రసంప్రదాయం ఈ చోట విచిత్రంగా ప్రవర్తించింది. తెలుగువాడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో రసాన్ని ఆరు విధాలన్నాడు. గంధాన్ని మాత్రం సురభి, అసురభి అని రెండుతో సరిపెట్టాడు. మంచి వాసన, చెడు వాసన – అంతే. 'కన్యాశుల్కం'లో గిరీశం వెంకటేశానికి చెప్పే ప్రసిద్ధ పద్యంలోనూ పొగాకు పుట్టుక అమృతబిందువుకు ముడిపడిందే తప్ప, దాని రుచి ఎటువంటిదో ఒక్క మాటైనా లేదు.

వ్యవహారభాష ఇంత పేద కాదు. కమురు, నీచు, ముక్కిపోయిన వాసన, మాగిన వాసన, పొగచూరిన వాసన, తొలకరి మట్టి వాసన – ఇవి దేనికదే వేరు. 'కమ్మన' అన్న మాట మరీ విలువైనది. కమ్మని నెయ్యి, కమ్మతెమ్మెర అన్న రెండు ప్రయోగాల్లో అది నాలుకకూ ముక్కుకూ సమానంగా చెల్లుతుంది. 'ఘాటు' కూడా అంతే. ఆంగ్లంలో సిగారు రుచికారులు తోలు, దేవదారు, కాఫీ అంటూ ఉపమానాలు వెతుక్కునే చోట, తెలుగులో రెండు ఇంద్రియాలను కలిపి చెప్పే విశేషణాలు సిద్ధంగా ఉన్నాయి. అనువాదకులు వీటిని వదిలి ఆంగ్ల ఉపమానాలను యథాతథంగా దించుకోవడం అనవసరమైన అప్పు.

4. పదాలు మిగిలిన చోట్లు

తార్నాక కూడలిలోని పాన్‌డబ్బాల్లో సిగరెట్టు పెట్టెలే వరుసగా కనిపిస్తాయి. చుట్ట అడిగితే దుకాణదారు మన వయసు కేసి ఒకసారి చూస్తాడు. 2003 నాటి చట్టం విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదంటుంది, అది న్యాయమే. చుట్ట పోవడంపై ఈ వ్యాసకర్తకు విచారం లేదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో నిప్పు కొసను నోటిలో ఉంచి తాగే అడ్డపొగ అలవాటు ముఖ్యంగా స్త్రీలది. అంగిలి కాన్సరుకు దానితో ఉన్న సంబంధం వైద్యపరిశోధనల్లో నిర్ధారితమైనది. అలవాటును కీర్తించడం వేరు, దాని చుట్టూ పెరిగిన భాషను నమోదు చేయడం వేరు.

తరగతిలో నా విద్యార్థులు 'స్మోకీ ఫ్లేవర్' అన్న మాటను సునాయాసంగా వాడతారు. 'కమురు' అంటే అర్థం చెప్పినవారు ఇద్దరే. ఇద్దరూ అమ్మమ్మల ఇళ్లలో పెరిగినవారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం, 1971 నాటి చేనేత సంపుటం మనకు పద్ధతిని చూపించాయి: వృత్తిలో ఉన్నవారి నోట విని, ఊరివారీగా గుర్తించి, తేడాలతో సహా నమోదు చేయడం. పొగాకు మండెల దగ్గర, చుట్టలు చుట్టే ఇళ్లలో ఆకును వాసన చూసి ధర కట్టినవారు ఇప్పుడు వృద్ధులు. ఏ ఆకును వారు కమ్మనిదంటారు, ఏది ముక్కిందంటారు, ఏ ఘాటు మంచిది, ఏది పచ్చిది – ఇవి అడగవలసిన ప్రశ్నలు. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ అన్న పేరుతో ఏర్పడిన సంస్థ పరిశోధించిన ఆకు గుణాలతో ఈ పదాలను సరిపోల్చి చూస్తే, 'ఘాటు' అన్న ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు అనుభవాలు దాగి ఉన్నాయో తేల్చవచ్చు. ఒక పరిశోధక విద్యార్థికి రెండు సంవత్సరాల క్షేత్రపర్యటనతో సాధ్యమయ్యే పని ఇది. లంక గ్రామాల నుంచే మొదలుపెట్టవచ్చు.