పగలు సోలార్ సరే, రాత్రికి ఏంటి? పల్లె మైక్రోగ్రిడ్ అసలు లెక్క

ఊళ్లో సోలార్ ప్యానెళ్లు పెట్టేస్తే కరెంటు బాధ తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా, ధర్నై గురించి చదివేదాకా.

ధర్నై బీహార్‌లో జెహానాబాద్ జిల్లాలోని ఊరు. ఏళ్ల తరబడి కరెంటే లేదు. 2014లో గ్రీన్‌పీస్ వాళ్లు అక్కడ 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ కట్టారు. మైక్రోగ్రిడ్ అంటే కరెంటు తయారీ ఊళ్లోనే, వాడకమూ ఊళ్లోనే. సుమారు 450 ఇళ్లకు వెలుగొచ్చింది. కానీ ఫ్రిజ్ లాంటివి పెట్టొద్దన్నారు. కొన్నేళ్లకే బ్యాటరీలు పోయాయి. ఈలోపు సర్కారు కరెంటు తక్కువ రేటుకి వచ్చేసింది. చివరికి ఆ ప్లాంటు ఆవరణలో పశువుల్ని కట్టేసుకున్నారు.

ఇందులో ప్యానెల్ తప్పేం లేదండి. బ్యాటరీ దగ్గరే దెబ్బ పడింది.

చిన్న లెక్క వేద్దాం. 100 ఇళ్ల ఊరు. ఇంటికో మామూలు ఫ్యాను, రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్: దాదాపు 100 వాట్లు. ఊరంతా కలిపితే 10 కిలోవాట్లు. సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా 50 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది. అంటే 100 యూనిట్లు పట్టే బ్యాటరీ కొనాలి. కొన్నేళ్లకి మళ్లీ కొనాలి. ఆ డబ్బు ఎవరిస్తారు? రిబ్బన్ కట్ చేసే రోజున ఈ ప్రశ్న ఎవరూ అడగరు!

హైబ్రిడ్ ఇక్కడే పనికొస్తుంది. అదే బీహార్‌లో హస్క్ పవర్ అనే కంపెనీ 2007లో తంకుహా అనే ఊళ్లో వరి ఊకతో (తవుడు కాదు, ఊక) కరెంటు మొదలుపెట్టింది. ఊకని తక్కువ గాలిలో కాలిస్తే మండే గ్యాస్ వస్తుంది, దాంతో ఇంజన్ నడుస్తుంది. తర్వాత సోలార్ కూడా కలిపారు. పగలు ఎండ, రాత్రి ఊక. యూనిట్‌కి సుమారు రెండు కిలోలు వేసుకున్నా మన ఊరికి రాత్రికి 100 కిలోలు. రైస్‌మిల్లు పక్కనుంటే ఇదేం కష్టం కాదు. కానీ గ్యాస్‌తో పాటు తారు వస్తుంది, ఫిల్టర్లు కడుగుతుండాలి, ఊళ్లోనే ఒక మనిషికి పని నేర్పించాలి. మిల్లు దూరమైతే ఊక మోసే ఖర్చే మింగేస్తుంది. అలాంటి చోట ఇది వద్దు. ఏడాదంతా పారే వాగుంటే చిన్న హైడ్రో చూడండి.

ఇంకో మాట. మామూలు ఫ్యాను 70 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాను 30తో తిరుగుతుంది. ఫ్యాన్లు మారిస్తే 50 యూనిట్లు 30కి దిగుతాయి, బ్యాటరీ కూడా ఆ లెక్కనే చిన్నదవుతుంది. ఇంజనీర్లం కదా, మనం ప్లాంటు సైజు గురించే కొట్టుకుంటాం, ఫ్యాను వైపు చూడం.

పగటి కరెంటు వృథా పోకుండా పిండిమర, నీళ్ల మోటారు ఎండ ఉన్నప్పుడే నడిపించాలి. మరమ్మతుల డబ్బు ఎక్కువగా వచ్చేది వాటి బిల్లుల నుంచే. రేపు మెయిన్ లైన్ వస్తే దానికి కలిసేలా ఇన్వర్టర్‌ని మొదట్లోనే తీసుకోవాలి.

మీ ఇంట్లో సాయంత్రం 6 నుంచి 11 దాకా ఎన్ని వాట్లు నడుస్తున్నాయి? లెక్కేసి కామెంట్‌లో పెట్టండి. ఏసీ ఉన్నవాళ్లు కూడా నిజమే చెప్పాలి!