కుడిచేతి అణువు

మా బరంపురం పట్టుచీర చేతిలోకి తీసుకుని, కొంగు వేళ్ల మధ్య నలిపి చూడండి. ఆ మెరుపు ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్‌ది. అందులో ఎక్కువ భాగం గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే అమైనో ఆమ్లాలే. గ్లైసిన్‌కు కుడి ఎడమల తేడా లేదు. మిగతా రెండూ ఎడమచేతివి. పట్టుపురుగే కాదు, చిలికా చేపైనా, గంజాం వరిమొక్కైనా, మనమైనా ప్రోటీన్లు కట్టుకునేది ఎడమచేతి అమైనో ఆమ్లాలతోనే.

ఇప్పుడు మందుల షాపుకు రండి. 500 మిల్లీగ్రాముల అమోక్సిసిలిన్ కాప్సూల్‌లో రెండు వందల మిల్లీగ్రాముల పైచిలుకు బరువు ఒక కుడిచేతి అమైనో ఆమ్లానిది. దాని పేరు డి-పారాహైడ్రాక్సీఫినైల్‌గ్లైసిన్. ప్రోటీన్లలో చోటులేని ఆ అణువును టన్నులకొద్దీ చేయడం మనిషి ఎలా నేర్చుకున్నాడో చెప్పాలనే ఈ వ్యాసం.

అణువుల్లో కుడి ఎడమలంటే చెప్పుల జత లాంటివే. కొలత ఒకటే, తోలు ఒకటే, అయినా ఎడమ చెప్పు కుడి కాలికి పట్టదు. మామూలు రసాయన చర్యకు ఈ తేడా తెలియదు. సగం అవి, సగం ఇవి కలగలిపి ఇస్తుంది. 1848లో లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలను ఒక్కొక్కటే చూసి, కుడివి ఒక కుప్ప, ఎడమవి ఒక కుప్ప పోశాడు. పదేళ్ల తర్వాత ఒక బూజు ఆ పని తనంతట తానే చేస్తుందని గమనించాడు. అది ఒక రూపాన్నే తిని, రెండోదాన్ని వదిలేసింది. చేతిని గుర్తుపట్టే గుణం జీవంలోనే ఉందని అప్పుడు తేలింది.

దాన్ని కార్ఖానాకు తెచ్చింది జపాన్. 1969లో తనాబే సెయాకు కంపెనీలో ఇచిరో చిబాతా బృందం అమైనోఅసైలేజ్ అనే ఎంజైమ్‌ను సన్నటి గుళికలకు అంటించి, గొట్టంలో నింపింది. పైనుంచి, తోక తగిలించిన కుడి ఎడమ అమైనో ఆమ్లాల మిశ్రమం పోస్తే ఎడమచేతి అణువుల తోక మాత్రమే తెగి, విడిగా తీసుకోవడానికి వీలయ్యేది. మిగిలిన కుడివాటిని వేడిచేసి మళ్లీ మిశ్రమంగా మార్చి, మళ్లీ పోసేవారు. ఎంజైమ్ కొట్టుకుపోదు కాబట్టి అదే గొట్టం రోజుల తరబడి పనిచేసేది. కట్టేసిన ఎంజైమ్‌తో పరిశ్రమ నడవడం అదే మొదలు.

కుడిచేతివాటికి వచ్చిన ఉపాయం నాకు ఇంకా ఇష్టం. ఫినాల్, గ్లైఆక్సిలిక్ ఆమ్లం, యూరియా కలిపితే హైడాంటోయిన్ అనే ఉంగరం లాంటి అణువు వస్తుంది. ఇదీ సగం సగమే. హైడాంటోయినేజ్ అనే బ్యాక్టీరియా ఎంజైమ్ కుడి ఉంగరాన్నే తెరుస్తుంది. మరి ఎడమది వృథాయేనా? కాదు. కొద్దిగా క్షారంగా ఉన్న నీటిలో ఎడమ ఉంగరం తనంతట తానే కుడివైపు తిరుగుతూ ఉంటుంది. తిరిగినదాన్ని తిరిగినట్టే ఎంజైమ్ అందుకుంటుంది. చివరికి పోసిన సరుకంతా కుడిచేతిదే అవుతుంది. ఉంగరం తెరుచుకున్నాక మిగిలిన తోకను కార్బమాయిలేజ్ అనే రెండో ఎంజైమ్ తెంపుతుంది. క్యోటో విశ్వవిద్యాలయంలో హిదేయాకి యమదా బృందం 1970లలో చేసిన పరిశోధన ఈ పద్ధతికి పునాది. దాన్ని పరిశ్రమగా నడిపింది కానెగాఫుచి కంపెనీ.

ఎంజైమ్ చేతిని ఎలా గుర్తుపడుతుంది? ఇలాంటి ప్రశ్నకే మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో ఒక చక్కటి జవాబు దొరికింది. కణంలో ప్రోటీన్ కట్టే చోటికి పొరపాటున కుడిచేతి అమైనో ఆమ్లం వస్తే, దాన్ని విడదీసి పంపేసే ఎంజైమ్ డీటీడీ. రాజన్ శంకరనారాయణన్ బృందం 2013లో దాని నిర్మాణాన్ని గీసి చూపింది. జంటగా ఉండే ఆ ఎంజైమ్‌లో ఒకదాని గుంటలోకి రెండోదాని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం తొంగిచూస్తుంది. ఎడమచేతి అణువు లోపలికి పోబోతే ఆ ప్రోలిన్ అడ్డం తగులుతుంది. కాపలా అంతా ఆ ఇరుకులోనే ఉంది.

ఇక మళ్లీ మందు దగ్గరికి వద్దాం. హైడాంటోయిన్ నుంచి వచ్చిన కుడిచేతి అణువును పెన్సిలిన్ నుంచి తీసిన భాగానికి అతికిస్తే అమోక్సిసిలిన్ తయారవుతుంది. ఆ పెన్సిలిన్‌ను 2024లో కాకినాడ జిల్లాలో అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ కూడా తయారుచేయడం మొదలుపెట్టింది.

మందు పనిచేసే చోటా కుడిచేయే ఉంది. బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకునేటప్పుడు, ఇటుకల కొసల్లో రెండు కుడిచేతి అలనిన్‌లు పెడుతుంది. పెన్సిలిన్ జాతి మందులు ఆ జంట వేషం వేసుకుని వెళ్లి, గోడ కట్టే ఎంజైమ్‌కు అతుక్కుపోతాయి. పని ఆగి, గోడ బలహీనమై, బ్యాక్టీరియా పగిలిపోతుంది.

జలుబు తెచ్చే వైరస్‌కు అలాంటి గోడే లేదు. కాబట్టి ముక్కు కారినంత మాత్రాన, డాక్టరు రాయకుండా, షాపులో అమోక్సిసిలిన్ అడగకండి.