స్పామ్‌ను ఆపాలి, ఆర్డర్‌ను పోగొట్టుకోకూడదు

1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కంప్యూటర్ల ప్రచారం కోసం ఆర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకే సందేశం పంపారు. స్పామ్ చరిత్ర దీనితోనే మొదలైందని చెబుతారు. నేడు పదిమంది పనిచేసే చిన్న సంస్థకు కూడా ఈ బెడద తప్పడం లేదు.

దీనికి మూలం ఈమెయిల్ నిర్మాణంలోనే ఉంది. 1982లో మెయిల్ రవాణా నియమాలు రాసినప్పుడు పంపినవారిని నిర్ధారించే ఏర్పాటు పెట్టలేదు. పోస్టు కవరు మీద ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి పేరైనా రాసినట్టే ఇక్కడా రాయవచ్చు. ఆ లోటును తీర్చడానికి తర్వాత మూడు ఏర్పాట్లు వచ్చాయి. ఒక డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ ఉత్తరానికి డిజిటల్ సంతకం చేస్తుంది. ఈ పరీక్షల్లో తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో డీమార్క్ సూచిస్తుంది. అయితే ఇవి పంపినవారు ఎవరో తేలుస్తాయే తప్ప, వారు మంచివారో కాదో చెప్పవు.

రెండో అంచె ‘గ్రేలిస్టింగ్’. కొత్త సర్వర్ నుంచి ఉత్తరం వస్తే, కాసేపాగి మళ్లీ పంపమని మన సర్వర్ కోరుతుంది. నియమం పాటించే సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. లక్షల్లో పంపే స్పామ్ ప్రోగ్రాములు చాలావరకు ఆగవు, ముందుకు వెళ్లిపోతాయి. కాకపోతే కొత్తవారి తొలి ఉత్తరం కొంత ఆలస్యమవుతుంది.

మూడో అంచె గణితం. 18వ శతాబ్దపు బ్రిటన్ గణితవేత్త థామస్ బేయ్స్ పేరిట ఉన్న సంభావ్యతా సూత్రమే దీనికి ఆధారం. ‘లాటరీ’ అనే మాట 100 స్పామ్ ఉత్తరాల్లో 40 సార్లు, 100 అసలు ఉత్తరాల్లో ఒక్కసారి కనిపించిందనుకుందాం. రెండు రకాలూ సమానంగా వస్తుంటే, ఆ మాట ఉన్న ఉత్తరం స్పామ్ అయ్యే అవకాశం 41లో 40, అంటే సుమారు 98 శాతం. ఫిల్టర్ ఇలా అనేక మాటలను కలిపి లెక్కిస్తుంది. సంస్థకు వచ్చే ఉత్తరాల నుంచే నేర్చుకుంటుంది కాబట్టి, మందుల డీలర్‌కు మందుల పేర్లు మామూలు మాటలేనని గ్రహిస్తుంది.

అసలు చిక్కు పొరపాట్ల దగ్గరే వస్తుంది. రోజుకు 300 అసలు ఉత్తరాలు వచ్చే చోట ఫిల్టర్ ఒక్క శాతం తప్పు చేసినా మూడు ఉత్తరాలు స్పామ్‌లో పడతాయి. 25 పనిదినాల్లో అవి 75. వాటిలో ఒక టెండరు పిలుపు ఉంటే, వంద ప్రకటనలు చూసిన విసుగు కన్నా ఆ నష్టమే ఎక్కువ.

అందుకే అనుమానం వచ్చిన ఉత్తరాలను చెరిపేయకుండా వేరే ఫోల్డర్‌లో ఉంచి, ఎవరైనా ఒకరు రోజూ చూడాలి. పొరపాటున పడినదాన్ని ‘స్పామ్ కాదు’ అని గుర్తిస్తే ఫిల్టర్ దిద్దుకుంటుంది. డీమార్క్‌ను కూడా మొదట నివేదికలకే పరిమితం చేసి, సంస్థ సొంత బిల్లులు సవ్యంగా వెళ్తున్నాయని తేలాకే కఠినం చేయాలి. ఇన్ని అంచెలు దాటి వచ్చిన ఉత్తరం బ్యాంకు ఖాతా మారిందంటే, ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడిగాకే డబ్బు పంపాలి. అప్పటికే మోసపోయి ఉంటే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు వెంటనే ఫోన్ చేయాలి.